పేస్‌మేకర్ పెట్టిన చోట ఎర్రబడితే

పేస్‌మేకర్ పెట్టించుకుని ఇంటికొచ్చినవాళ్ల ధ్యాసంతా గుండె మీదే ఉంటుంది. చిక్కులు మాత్రం ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. ఒకటి, కాలర్‌బోన్ కింద చర్మం లోపల యంత్రాన్ని అమర్చిన చోటు. డాక్టర్లు దాన్ని పాకెట్ అంటారు. రెండోది, అక్కణ్నుంచి సిర గుండా గుండె కుడి గదిలోకి వెళ్లే సన్నని తీగ, అంటే లీడ్.

లీడ్ కొస గుండె లోపలి గోడను పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు గట్టిపడటానికి కొన్ని వారాలు కావాలి. ఈలోపు అది జారితే యంత్రం పంపే విద్యుత్తు గుండెకు సరిగా అందదు. ఆపరేషన్‌కు ముందున్న బాధలే తిరగబెడతాయి: కళ్లు తిరగడం, ఆయాసం, ఉన్నట్టుండి పడిపోవడం. ఆగని ఎక్కిళ్లు కూడా ఒక్కోసారి దీనికి గుర్తే. విద్యుత్తు ఊపిరితిత్తుల కింది కండరానికి, అంటే డయాఫ్రమ్‌కు తగులుతోందన్నమాట. ఎక్స్‌రే తీసి, ప్రోగ్రామర్ అనే పరికరంతో యంత్రాన్ని పరీక్షిస్తే సంగతి తేలిపోతుంది.

లీడ్ జారకూడదనే పేస్‌మేకర్ పెట్టిన వైపు చేతిని నాలుగు నుంచి ఆరు వారాలు భుజం కంటే పైకి ఎత్తొద్దంటారు. చాలామంది దీన్ని చెయ్యే కదపొద్దన్నట్టు తీసుకుని, చేతిని ఛాతీకి అదిమిపెట్టుకుని కూర్చుంటారు. కొన్ని వారాలకు భుజం పట్టేసి, చొక్కా తొడుక్కోవడమే గగనమవుతుంది. తినడం, బొత్తాలు పెట్టుకోవడం, మోచెయ్యి మడిచి చాపడం మొదటినుంచీ మానకూడదు.

ఇక పాకెట్ సంగతి. మొదటి రోజుల్లో చర్మం కమిలి, ఆ నలుపు చంకదాకా దిగి, మెల్లగా పసుపు తిరుగుతుంది. చూడ్డానికి భయంగా ఉన్నా అదే తగ్గిపోతుంది. వాపు రోజురోజుకూ పెరిగి, చర్మం బిగుసుకుని మెరుస్తుంటే లోపల రక్తం చేరిందని అర్థం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో ఇది ఎక్కువ. పూర్వం ఆపరేషన్ సమయంలో వార్ఫరిన్ అనే అలాంటి మందు ఆపి, బదులుగా హెపారిన్ ఇచ్చేవారు. అలా ఇచ్చినవాళ్లలో నూటికి 16 మందికి ఇబ్బందిపెట్టేంత రక్తం చేరగా, వార్ఫరిన్ ఆపనివాళ్లలో అది 3.5 మాత్రమేనని కెనడా వైద్యులు 2013లో చూపించారు. కాబట్టి ఆ మందులు సొంతంగా ఆపొద్దు. వాపులోంచి సూదితో రక్తం లాగనివ్వొద్దు, ఆ సూది వెంటే క్రిములు లోపలికి పోతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇన్‌ఫెక్షన్ ఒక ఎత్తు. కోత ఎర్రబడి కాస్త రసి కారితే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోవడం మనకు అలవాటు. పేస్‌మేకర్ విషయంలో ఇది ప్రమాదం. లోహం మీద చేరిన క్రిములు జిగురు పొర అల్లుకుని అందులో దాక్కుంటాయి, మందు వాటిని పూర్తిగా చంపలేదు. మాత్రలతో ఎరుపు తగ్గుతుంది, ఆపేశాక మళ్లీ వస్తుంది. పైగా ముందే మాత్రలు పడితే రక్తపరీక్షలో క్రిమి ఏదో తేలకపోవచ్చు. ఇన్‌ఫెక్షన్ పైపైన కుట్టు దగ్గరే ఉందా, పాకెట్‌లోకి దిగిందా అన్నది పేస్‌మేకర్ పెట్టిన డాక్టరే తేల్చాలి. దిగితే యంత్రాన్ని, లీడ్‌ను మొత్తం తీసేసి, అవసరాన్నిబట్టి వేరేచోట కొత్తది పెడతారు. ఏళ్ల తర్వాత చర్మం పలచబడి లోహపు అంచు బయటపడ్డా, చీము లేకపోయినా, ఇదే చికిత్స.

తీసేయాలనగానే గుండె జారిపోతుంది. కానీ 1958 అక్టోబరులో స్వీడన్‌లో ఆర్నే లార్సన్‌కు పెట్టిన పేస్‌మేకర్, శరీరం లోపల అమర్చిన మొట్టమొదటిది, కొన్ని గంటల్లోనే ఆగిపోయింది. ఆయన ఆ తర్వాత రెండు డజన్లకు పైగా యంత్రాలు మార్పించుకుంటూ 86 ఏళ్లు బతికి 2001లో పోయారు.

మొదటి నెలంతా రోజూ ఒకే వెలుతురులో ఆ చోటుకు ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి. నిన్నటికీ ఇవాళ్టికీ వాపు పెరిగిందా అన్నది మాటల్లో కంటే ఫొటోలోనే డాక్టరుకు బాగా తెలుస్తుంది. కారణం తెలియని జ్వరమొస్తే, ఎన్నేళ్ల తర్వాతైనా సరే, చూసే డాక్టరుకు ముందుగా పేస్‌మేకర్ ఉందని చెప్పి, ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన పేస్‌మేకర్ కార్డు చూపించండి.