హార్డెనర్ ఎక్కువ పోస్తే బలం రాదు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. భావనపాడు మొదలు భోగాపురం దగ్గరి ముక్కాం వరకు ఎక్కడ చూసినా ఇసుక మీద బోర్లించిన ఫైబర్ పడవలు, పక్కనే రెజిన్ డబ్బాలు. మేస్త్రీతో పనిలేదు, మరమ్మతు మనమే చేసుకుందామనే ఇళ్లలో ఈ రెండు నెలలూ వినిపించే మాట ఒకటే: "హార్డెనర్ ఇంకొంచెం పొయ్యరా, బేగి గట్టిపడిపోద్ది!"

బేగి బిగుసుకుంటుంది, సరే. బలం ఎక్కణ్నుంచి వస్తుంది? రెజిన్‌లో చర్యను మొదలుపెట్టడమే హార్డెనర్ పని. దానికి కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాములు చాలు. మే ఎండలో 10కి దగ్గరగా ఉండటమే మేలు. అలాగని మరీ తగ్గించినా రెజిన్ ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. కొలత లేకుండా మూతలతో వంపితే బకెట్ కాలి పొగలొస్తాయి, రెజిన్ పసుపెక్కి చిట్లుతుంది. గాజు మ్యాట్ రెజిన్‌తో పూర్తిగా తడవకముందే పైపొర బిగిసిపోతుంది. తడవని చోట తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. వాటి మీద రంగు పూసి మురిసిపోయేవాళ్లను చూస్తే ఏమనాలో తెలియదు. ఒడ్డుకొచ్చేటప్పుడు అల కొట్టిన రోజు పొరలు విడిపోయేది అక్కడే.

ఇంతకంటే ప్రమాదం, చర్యను వేగవంతం చేసే కోబాల్టుతో. కోబాల్టునూ హార్డెనర్‌నూ నేరుగా కలిపితే పేలుతుంది. ముందు కోబాల్టు రెజిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్. కోబాల్టు కలిపే అమ్మిన రెజిన్ అయితే మళ్లీ పోయనక్కర్లేదు.

ముక్కుకు తువ్వాలు కడితే రెజిన్ నుంచి వచ్చే స్టైరీన్ ఆవిరి ఆగదు. థర్మకోల్ మీద పాలియెస్టర్ రెజిన్ నేరుగా రాస్తే థర్మకోలే కరిగిపోతుంది. నీళ్లకు తడిసిన మ్యాట్ పనికిరాదు.

"ఫైబర్ మునగదు" అన్నది మరో ధీమా. గాజు నీటికంటే రెండున్నర రెట్లు బరువు, రెజిన్ కూడా బరువే. లోపల ఫోమ్ గానీ గాలి గదులు గానీ లేని పడవలో నీళ్లు నిండితే కిందికే. చెక్క తెప్పే నయమని సణిగే పెద్దాళ్లతో ఈ ఒక్క విషయంలో ఒప్పుకోక తప్పదు: కట్లు తెగినా దుంగలు తేలతాయి. పురుగు తొలిచేదీ ఆ దుంగలనే అనుకోండి.

కాబట్టి చిన్న త్రాసు కొనండి. అరకిలో చొప్పున కలపండి. పగులు చుట్టూ పాత పొరను గరుకుగా రుద్ది, పూర్తిగా ఆరాకే మ్యాట్ వేయండి. చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పక్కన బిందెడు నీళ్లు ముందే పెట్టుకోండి.