ఫోన్ తీగల్లో పుట్టిన వడపోత

927ను రెట్టింపు చేస్తే 1854. చిన్న లెక్కే, కానీ విశాఖపట్నంలో హామ్ (ఔత్సాహిక) రేడియో పెట్టుకున్నవారికి తలనొప్పి తెచ్చే లెక్క. ఆకాశవాణి విశాఖ కేంద్రం మీడియం వేవ్ స్థానం 927 కిలోహెర్ట్జ్. మన దేశంలో హామ్‌ల 160 మీటర్ల బ్యాండ్ 1820 నుంచి 1860 కిలోహెర్ట్జ్ దాకా. ట్రాన్స్‌మిటర్ దగ్గర్లోనే ఉంటే ఆ జోరుకు రిసీవర్ మొదటి దశ ఉక్కిరిబిక్కిరవుతుంది. స్టేషన్ పంపని 1854 రిసీవర్ లోపలే పుట్టుకొస్తుంది. దూరం నుంచి సన్నగా వచ్చే మోర్స్ కూతల మీద వార్తలు వినిపిస్తాయి.

నేరం నిజంగా రిసీవర్‌దేనా? యాంటెన్నా దారిలో 10 డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్ పెడితే తెలిసిపోతుంది. బయటి నుంచి వచ్చే సిగ్నల్ 10 తగ్గుతుంది. లోపల పుట్టిన రెట్టింపు సిగ్నల్ 20 పడిపోతుంది.

దీనికి మందు, ఆ 927ను రిసీవర్ గుమ్మంలోనే ఆపే ఫిల్టర్. విచిత్రమేమిటంటే, దాని పుట్టిల్లు రేడియో కాదు. 1899లో అమెరికన్ బెల్ ఇంజనీరు జార్జ్ క్యాంప్‌బెల్, దూరాభారంతో ఫోన్ మాటలు మసకబారకుండా తీగ పొడవునా కాయిల్స్ పెట్టే పద్ధతి మీద పనిచేస్తున్నాడు. మాట తేటపడింది గానీ ఒక హద్దు దాటిన ఫ్రీక్వెన్సీలకు దారి మూసుకుపోయింది. ఆ లోపాన్నే ఆయన పనిముట్టుగా మలిచాడు. కాయిల్స్‌నూ కెపాసిటర్లనూ వరుసగా పేర్చి, కోరిన ఫ్రీక్వెన్సీలనే వదిలే సర్క్యూట్‌కు 1917లో పేటెంట్ పొందాడు. జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్ కూడా దాదాపు అదే కాలంలో, విడిగా, అక్కడికే చేరాడు.

అయితే తొలి ఫిల్టర్ల కోత ఏటవాలుగా ఉండేది. 1923లో ఒట్టో జోబెల్ దాన్ని నిటారుగా చేసే లెక్కలు ప్రచురించాడు. హామ్‌కు ఇదే కీలకం. మీడియం వేవ్ 1600 దాటాక ముగుస్తుంది, తన బ్యాండ్ 1820లో మొదలవుతుంది. మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. బాధపెట్టేది ఒకే స్టేషన్ అయితే ఇంత హంగామా అక్కర్లేదు. ఒక కాయిల్, ఒక కెపాసిటర్‌తో ఆ ఫ్రీక్వెన్సీకే శ్రుతి చేసిన వేవ్ ట్రాప్ చాలు. 1920ల శ్రోతలు చేసిందీ అదే.

కంప్యూటర్‌కు తగిలించే చవక ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో) రిసీవర్లలోనూ ఈ పాత ఫిల్టర్‌కు పని తప్పలేదు. వాటి 8 బిట్ల కొలమానం ఊళ్లోని ఎఫ్‌ఎం స్టేషన్ల జోరుకే నిండిపోతే, 144 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండ్ మీది బలహీన సంకేతం అందులో అంకెగా కూడా మిగలదు. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ వెతికినా దొరకదు. అందుకే ఫిల్టర్ మొదటి యాంప్లిఫయర్ కంటే ముందుండాలి. పంపడం, అందుకోవడం రెండూ చేసే ట్రాన్స్‌సీవర్ వాడేవారు మాత్రం దాన్ని రిసీవర్ దారిలోనే పెట్టాలి. 100 వాట్లు దాని గుండా పంపితే చిన్న కెపాసిటర్లు మాడిపోతాయి.