పార్లమెంటంటే పేదోడికి కోపమెందుకు?

నాట్లకాడ గాని, ఉపాధి పని జరిగే చెరువు గట్టున గాని పార్లమెంటు మాట ఎత్తి చూడండి. "అరుచుకోడం తప్ప అక్కడ ఏముంది?" అంటారొకరు. "ఓటుకొచ్చినప్పుడు మొహం చూశాం, మళ్ళీ ఐదేళ్ళకే" అంటారు ఇంకొకరు. "ఎవరు గెలిచినా మన కూలి మారదు" అని మూడోవారు తేల్చేస్తారు.

ఇలా అనే జనమే పోలింగు రోజున పొద్దున్నే వరసలో నిలబడుతున్నారు. 2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 80 మందికి పైగా ఓటు వేశారు. పనికి పోయిన ఊరినుంచి ఛార్జీలు పెట్టుకొని వచ్చి వేసిన వాళ్ళున్నారు. అంటే పేదవాడికి ఓటు మీద నమ్మకం పోలేదు. ఆ ఓటుతో ఏర్పడ్డ సభ మీద పోయింది. ఎందుకు పోయింది?

పట్నం పెద్దమనుషులు దీనికి సులువైన జవాబు చెప్తారు. సభలో గొడవలు ఎక్కువైనాయట, మర్యాద తగ్గిందట. గొడవలు లేకపోలేదు. కాని కూలిజనానికి గొడవ కొత్త కాదు. న్యాయమైన కూలి కోసం మనమూ గొడవ పడుతూనే ఉన్నాం. మన కోపానికి అసలు కారణం వేరు. మన బతుకుల్ని మార్చే చట్టాలు మన గోడు వినకుండానే, చాలాసార్లు సభ్యులైనా సరిగా మాట్లాడుకోకుండానే పాసైపోతున్నాయి.

ఏడాదికి 55 రోజులు

1952లో ఏర్పడ్డ మొదటి లోక్‌సభ తన కాలంలో 677 రోజులు కూర్చుంది. 2019లో ఏర్పడ్డ 17వ లోక్‌సభ కూర్చున్నది 274 రోజులు. ఐదేళ్ళూ నిండిన లోక్‌సభలన్నింటిలో ఇదే తక్కువ. సగటున ఏడాదికి 55 రోజులు. పాలేరు ఏడాదికి 55 రోజులు పనికొస్తే ఆసామి జీతమిస్తాడా?

కూర్చున్న రోజులైనా ఎట్లా గడిచాయి? 2023 మార్చి 23న సుమారు 45 లక్షల కోట్ల రూపాయల బడ్జెట్‌లోని శాఖలవారీ పద్దుల్ని ఒక్క శాఖ మీదైనా చర్చ లేకుండా నిమిషాల్లో పాసు చేశారు. అధికారపక్షం ఒక పట్టు, ప్రతిపక్షం ఒక పట్టు పట్టగా మధ్యలో లెక్క అడిగేవాడు లేకపోయాడు. అదే ఏడాది డిసెంబరులో రెండు సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యుల్ని సస్పెండు చేసి, పోలీసులు, కోర్టులు నడిచే మూడు నేర చట్టాల్ని మార్చేశారు. ఊళ్ళో చిన్న కాలవ పూడిక తియ్యాలన్నా గ్రామసభలో నాలుగు మాటలు అనుకుంటాం గదా!

రైతుల సంగతి చూడండి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు బిల్లుల మీద ఓట్లు లెక్కించమని ప్రతిపక్షాలు అడిగాయి. లెక్కించలేదు, మూజువాణి ఓటుతో అయిందనిపించారు. సభలో జరగాల్సిన చర్చను రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో, చలిలో, ఎండలో ఏడాది పైగా జరపాల్సి వచ్చింది. చివరికి 2021 నవంబరు 29న ఆ చట్టాల్ని రద్దు చేశారు. ఆ రద్దు మీద కూడా చర్చ లేదు! చట్టం ఎందుకు తెచ్చారో చెప్పలేదు, ఎందుకు తీసేశారో చెప్పలేదు.

ఈ జబ్బు ఒక్క పార్టీది కాదు. 2014 ఫిబ్రవరి 18న రాష్ట్ర విభజన బిల్లును లోక్‌సభ ఎట్లా పాసు చేసిందో తెలుగువాళ్ళకు ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. తలుపులు మూశారు, టీవీ ప్రసారం ఆగిపోయింది, మూజువాణి ఓటుతో ముగించారు. రాష్ట్రం కావాలన్నవారైనా, వద్దన్నవారైనా తమ భవిష్యత్తు మీద జరిగే చర్చను కళ్ళారా చూడలేకపోయారు. అప్పుడు గద్దె మీద ఉన్నది వేరే పార్టీ.

ఎనిమిది నెలలు, మూడు రోజులు

పార్లమెంటు పని చేస్తే ఏమవుతుంది, చెయ్యకపోతే ఏమవుతుంది అనేది ఉపాధి హామీలోనే కనబడుతుంది.

2004 డిసెంబరులో ఉపాధి హామీ బిల్లు లోక్‌సభకు వచ్చింది. అప్పుడది పేద కుటుంబాలకే పరిమితం. బిల్లును గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘానికి పంపారు. దాని అధ్యక్షుడు అప్పటి ప్రతిపక్షానికి చెందిన కల్యాణ్ సింగ్. బయట కూలి సంఘాలు, లోపల వామపక్ష సభ్యులు ఒత్తిడి తెచ్చారు. 2005 ఆగస్టు 23న లోక్‌సభ ఆమోదించే నాటికి అది గ్రామీణ కుటుంబాలన్నిటికీ వర్తించే హక్కయింది. ఎనిమిది నెలల చర్చ ఫలితం అది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆ పథకం మొదలైంది. కరువు సీమలో వలసకు మూటలు కట్టిన కుటుంబాలకు ఆ జాబుకార్డు ఎంత ఆసరా అయిందో ఢిల్లీ వాళ్ళకు తెలియకపోవచ్చు, మనకు తెలుసు.

ఇప్పుడు రెండో ముచ్చట. ఆ చట్టం స్థానంలో కొత్త బిల్లును 2025 డిసెంబరు 16న పెట్టారు. 18న లోక్‌సభ, ఆ అర్ధరాత్రి దాటాక రాజ్యసభ ఆమోదించాయి. 21న రాష్ట్రపతి సంతకం అయింది. స్థాయీ సంఘానికి పంపమని అడిగితే వినలేదు. పనిదినాలు 100 నుంచి 125కి పెంచామని చెప్పుకున్నారు. మంచిదే. కాని ఇదివరకు కూలి డబ్బు మొత్తం కేంద్రం భరించేది, కొత్త చట్టంలో మన లాంటి రాష్ట్రాలు 40 శాతం భరించాలి. అప్పుల్లో ఉన్న రాష్ట్రం ఆ వాటా ఎక్కడ తెస్తుంది? నాట్లు, కోతల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపే ఏర్పాటూ పెట్టారు. సర్కారు పని ఉంటేనే గదా ఆసామి దగ్గర కూలి పెంచమని గట్టిగా అడగగలిగేది! సరిగ్గా ఆ కాలంలోనే ఆ పని లేకుండా చేస్తే లాభం ఎవరికి? ఈ ప్రశ్నలు అడిగేందుకు కూలీకి మూడు రోజుల్లో తీరిక ఎక్కడిది?

ఇది అనుకోకుండా జరిగింది కాదు. 2009-14 మధ్య నూటికి 71 బిల్లులు స్థాయీ సంఘాల పరిశీలనకు వెళ్ళాయి. 2019-24 మధ్య వెళ్ళినవి నూటికి 16. సంఘానికి పోతే సాక్ష్యాలు తీసుకోవాలి, జనం మాట వినాలి. ఆ దారినే మూసేస్తున్నారు.

మన ఎంపీ ఎవరి మనిషి?

రెండు తెలుగు రాష్ట్రాలనుంచి లోక్‌సభకు 42 మంది వెళ్తారు. మరి వాళ్ళేం చేస్తున్నారు? 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. గోడ దూకేవాళ్ళను ఆపాలని తెచ్చిన చట్టమది. ఇప్పుడు పార్టీ విప్ జారీ చేస్తే దానికి ఎదురుగా ఓటేసిన సభ్యుడి పదవి పోవచ్చు. ఓటు మనది, విప్ నాయకుడిది. గోడ దూకే వాళ్ళు ఎట్లాగూ దారులు వెతుక్కుంటున్నారు. మనసులో మన పక్షాన ఉన్నవాడి చెయ్యి మాత్రం లేవడం లేదు.

రెండోది డబ్బు. లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రాల్లో 95 లక్షలు. 2025-26లో మన ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. ఏడాదికి నూరు రోజుల లెక్కన ఒక కూలీ అంత సంపాదించాలంటే 309 ఏళ్ళు పడుతుంది. అసలు ఖర్చు ఎంతో ఊళ్ళో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు. అందుకే 2024లో గెలిచిన 543 మందిలో 504 మంది, వారి అఫిడవిట్ల ప్రకారమే, కోటీశ్వరులు.

2025 మార్చిలో ఉపాధి కూలి 300 నుంచి 307 అయింది, 7 రూపాయలు పెరిగింది. అదే నెలలో ఎంపీల జీతం నెలకు లక్ష నుంచి లక్షా 24 వేలు అయింది, అదీ 2023 ఏప్రిల్ నుంచే లెక్కకట్టి. మాజీ ఎంపీ పెన్షను నెలకు 31 వేలు. మన నూరు రోజుల కూలి 30,700. వాళ్ళ ఒక నెల పెన్షనుకు మన ఏడాది ఉపాధి సరితూగలేదు. ఇంకా కోపం ఎందుకని అడుగుతారా?

కోపాన్ని ఎటు తిప్పాలి?

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. "ఈ పార్లమెంటే వద్దు, గట్టోడు ఒక్కడు ఉంటే చాలు" అనే మాట ఈమధ్య పల్లెల్లో కూడా వినబడుతోంది. ఆ మాట పేదవాడి కొంప ముంచుతుంది. భూస్వామికి పార్లమెంటు లేకపోయినా పని జరుగుతుంది, ఫోను చేస్తే చాలు. మనకు ఆఫీసర్లు తెలియదు, మంత్రులు తెలియదు. మన మాట చట్టం కావడానికి ఉన్న దారి అదొక్కటే. 1952లో నల్లగొండ పేదలు రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పంపింది ఆ సభ మీద ఆశ ఉండబట్టే. 2005లో ఆ సభ చేతనే ఉపాధి హామీ సాధించుకున్నాం.

కాబట్టి మన కోపం సభ ఉన్నందుకు కాదు, అది పని ఎగ్గొడుతున్నందుకు. ఏడాదికి కనీసం నూరు రోజులైనా కూర్చోమని, కూలీలకు, రైతులకు సంబంధించిన ప్రతి బిల్లునూ స్థాయీ సంఘానికి పంపమని, ప్రభుత్వం పడిపోయే సందర్భాల్లో తప్ప సభ్యుడికి విప్ లేకుండా ఓటేసే వీలు ఇవ్వమని అడగాలి.

అడగడం ఊళ్ళోనే మొదలుపెట్టాలి. ఎంపీ హాజరు, అడిగిన ప్రశ్నలు పార్లమెంటు రికార్డుల్లో ఉంటాయి. చదువుకున్న పిల్లల చేత తీయించండి. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయించి రచ్చబండ దగ్గర అంటించండి. ఆయన ఊరొచ్చిన రోజున దండలు పక్కన పెట్టి, ఉపాధి చట్టం మార్చిన రోజున సభలో ఉన్నారా, ఏం మాట్లాడారు, ఎటు చెయ్యెత్తారు అని నిలబెట్టి అడగండి. ఒక్క ఊరు అడిగితే నవ్వి పోతారు. మండలంలో ప్రతి ఊరూ అడిగితే జవాబు రాసుకొని రావాల్సి వస్తుంది.