క్రొత్తకోళ్ళను గూటికి అలవాటు చేయుట

మన సంఘసభ్యుల యిండ్లలో నీ కార్తీకమున పెరటికోళ్ళ పెంపకము క్రొత్తగా నారంభమైనది. సంఘమునుండి అప్పు తీసికొని, ఆఱువారముల వయసు దాటిన వనరాజా పిల్లలను పదేసి చొప్పున తెచ్చికొన్నవారు పలువురు. వీరిలో కొందఱు మొదటి వారమునందే మా కార్యాలయమునకు వచ్చి చెప్పిన మాట యొక్కటియే: “పగలెల్ల పెరటిలో చక్కగా మేయుచున్నవి. దీపము పెట్టువేళకు గూటిలోనికి మాత్రము రావు.” ఒక సభ్యురాలి యింట మూడు రాత్రులలో పదింటిలో ఏడు పోయినవి. మునగచెట్టు క్రింద ఈకలును, గోడప్రక్క నెత్తుటి చుక్కలును తప్ప మఱేమియు దొరకలేదు. బావురుపిల్లి పనియని ఇరుగుపొరుగువారనిరి. ఆమె కట్టించిన గూడు గట్టిది, తలుపునకు గొళ్ళెమును మంచిదే. గూటిలో కోళ్ళు లేకపోయినపుడు గొళ్ళెమేమి చేయగలదు? కోళ్ళు పోయినను అప్పు వాయిదా పోదు. కావున నీ విషయమును గూర్చి కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

“మా అవ్వకాలమున కోళ్ళకెవరు నేర్పినారు? అవియే వచ్చి గంపక్రింద దూఱెడివి గదా” యని కొందఱడుగుచున్నారు. నేర్పినది తల్లికోడి. నాటుకోడి పొదిగి లేపిన పిల్లలు మొదట తల్లి ఱెక్కలక్రింద పండుకొనును. పిదప తల్లి యెచ్చటికి పోయిన నచ్చటికి, గంపక్రిందికో చూరుక్రింది వాసముమీదికో, దానివెంట పోవును. తల్లి విడిచిపెట్టునాటికి చోటు వానికి తెలిసియేయుండును. వనరాజా పిల్లల సంగతి వేఱు. ఈ జాతి హైదరాబాదునందలి కోళ్ళ పరిశోధన సంస్థలో రూపొందింపబడినది. పిల్లలు యంత్రమున పొదుగబడి, ఊకపఱచిన నేలపై దీపపు వెచ్చదనమున పెరిగి మన చేతికి వచ్చును. తల్లిని ఎఱుగవు, దండెమును ఎఱుగవు, సరియైన చీకటినికూడ ఎఱుగని పిల్లలు కొన్ని యుండును. గ్రామప్రియ, రాజశ్రీ పిల్లలును ఇట్టివే. అట్టివానిని మొదటినాడే పెరటిలో వదలి, సాయంకాలమున గూటికి రమ్మనిన నెట్లు వచ్చును? చీకటి పడునప్పటికి ఎచ్చట నున్న నచ్చటనే, కంచెమూలనో కట్టెలమోపు ప్రక్కనో, ఒకదానిమీద నొకటి గుమిగూడి కూర్చుండును.

కోడికి రేచీకటియని పెద్దలు చెప్పుట ఊరక కాదు. పగటివెలుగున రంగులు గుర్తించుటలో దాని కన్ను మన కన్నుకంటె మేలు. మసక వెలుతురునకు పనికివచ్చు కణములు మాత్రము దానికి తక్కువ. కావున వెలుగు తగ్గుచుండగనే కోడి తొందరపడును. పూర్తిగా చీకటి పడకముందే, వీలైనంత ఎత్తున, కుదురుకొనజూచును. తూర్పుకనుమలలోని అడవికోళ్ళు నేటికిని చెట్లకొమ్మలపై రాత్రి గడపుచున్నవి. వాని గుణమే మన పెరటికోళ్ళకును వచ్చినది. ఒకసారి కుదురుకొన్నచో తెల్లవారుదాక కదలదు. పిల్లికి దొరకుటకు కారణమిదియే. మనము దానిని దిద్దుకొనుటకు వీలిచ్చునదియు నిదియే.

ఇందు ముఖ్యముగా గ్రహింపవలసిన దొక్కటి. కోడి గూటిని వెదకికొని రాదు. నిన్నటిరాత్రి తాను పండుకొన్న చోటికి వచ్చును. మన పని యెల్ల ఆ “నిన్నటిరాత్రి” గూటిలో జరుగునట్లు చూచుటయే.

పిల్లలను తెచ్చిననాడు పెరటిలో వదలక నేరుగ గూటిలోనే విడువవలెను. సంతనుండి తెచ్చునపుడు కాళ్ళు కట్టి తలక్రిందుగా వ్రేలాడదీయు నలవాటు మనలో నున్నది, అది మానవలెను. గాలియాడు బుట్టలో తెచ్చి, మొదట నీరు త్రాగనిచ్చి, పిదప మేత వేయవలెను. అటుపిమ్మట ఏడుదినములు తలుపు తీయరాదు. మేత, నీరు లోపలనే. గూడు మరీ యిఱుకైనచో దాని ముందొక చిన్న యావరణమును ఇనుపవలతో కట్టి, పగలు అందులోనికి, రాత్రి గూటిలోనికి వచ్చునట్లు చేయవచ్చును. ఆ వారమంతయు ప్రతి రాత్రియు చేదీపముతో పోయి చూడవలెను. నేలమీద మూలన గుమిగూడినవానిని ఒక్కొక్కదానినే రెండుచేతులతో ఱెక్కలదిమి ఎత్తి దండెముపై కూర్చుండబెట్టవలెను. మొదట రెండుమూడుమార్లు దిగును, విసుగుకొనరాదు. మా యెఱుకలో నాలుగైదు రాత్రులలో చాలవఱకు తమంతట తామే ఎక్కుచున్నవి.

“ఏడుదినములు బంధించిన కోళ్ళు చిక్కిపోవా?” యని భయపడువారున్నారు. మేత, నీరు, గాలి సరిగ నున్నచో చిక్కవు. ఎండకాలమున మాత్రము ఈ భయము న్యాయమైనది. కోడికి చెమట పట్టదు; నోరు తెఱచి రొప్పుటయే దానికున్న ఉపాయము. చైత్రవైశాఖములలో రేకుకప్పు గూటిలో పగలంతయు మూసినచో పిల్లి రానవసరము లేదు. ఆ కాలమున నీడనున్న వల ఆవరణము తప్పనిసరి. కుదిరినచో చలి మొదలగునప్పుడే పిల్లలను తెచ్చికొనుట మేలు.

ఎనిమిదవనాడు తలుపు తీయవలెను. ఉదయమున కాదు, సూర్యాస్తమయమునకు ఒక గంట ముందు. ఆ మధ్యాహ్నము మేత తగ్గించి కొంచెమాకలితో నుంచవలెను. అవి గూటి చుట్టుప్రక్కల నాలుగడుగులు తిరుగునంతలో వెలుగు తగ్గును. అప్పుడు డబ్బాలో జొన్నలో నూకలో గలగలలాడించి, రోజును పిలుచు పిలుపుతోనే పిలిచి, గింజలు గూటిలోపల చల్లవలెను. బయట చల్లరాదు, ఇందులో పొరపడువారు చాలమంది. మఱునాడు గంటన్నర, ఆపైన రెండు గంటలు, ఇట్లు వారముదినములలో పూర్తిగా వదలవచ్చును. గడియారమును నమ్మరాదు. మన ప్రాంతమున మార్గశిరమున అయిదున్నర దాటిన కొంతసేపటికే ప్రొద్దు గ్రుంకును. జ్యేష్ఠమున ఆఱుముప్పావు దాటినను వెలుగుండును. కోడి చూచునది ఆకాశమును.

కోళ్ళను గూటిలోనికి తఱుముట మాత్రము చేయరాదు. పిల్లలందఱు కట్టెలు పట్టుకొని వెంటబడిన కోడికి గూటియెడ భయమే కలుగును, మఱునాడు ఇంకను దూరము పోవును. రాకున్నచో చీకటిపడుదాక ఊరకుండి, కూర్చున్న చోటు గుర్తించి, నెమ్మదిగ పట్టుకొని దండెముపై నుంచవలెను. చీకటిలో కోడి పెనగులాడదు. చెట్టెక్కినదానినిగూడ ఆ రాత్రియే దింపవలెను. ఒక రాత్రి కొమ్మపై గడచినచో ఆ కొమ్మయే దానికి “నిన్నటి చోటు” అగును. మాటిమాటికి ఎగిరిపోవుదానికి ఒక ఱెక్క పెద్ద యీకలు మాత్రమే కత్తిరించు పద్ధతి యొకటి కలదు. ఎగురబోయిన ఒకప్రక్కకు ఒఱగును. మేము దీనిని చివరి యుపాయముగనే చెప్పుచున్నాము, ఏలనన ఎగురలేని కోడి పగలు కుక్కకు సులభముగ చిక్కును. కాలికి త్రాడు కట్టి గుంజకు బిగించు వాడుకకూడ అట్టిదే. కాలు ఒఱసి పుండగును.

వీథిదీపముల సంగతి పూర్వులు వ్రాసియుండరు. ఇప్పుడు మన పల్లెలలో తెల్లని విద్యుద్దీపములు తెల్లవారుదాక వెలుగుచున్నవి. దీపస్తంభము పెరటిగోడ ప్రక్కనున్న రెండిండ్లలో కోళ్ళు ఆ వెలుతురుననే ఆలస్యముగ తిరుగుచుండుట మేము చూచితిమి. అట్టిచోట గూటి వాకిలి దీపమువైపు గాక రెండవవైపు నుండవలెను. గూటిలోపల మాత్రము సంజవేళ ఒక చిన్నదీపముంచుట మంచిది. లోపల బొత్తిగా చీకటియైన కోడి వాకిటనే నిలిచి లోనికి అడుగిడదు. అన్నియు దండెమెక్కిన పిదప దీపము తీసివేయవలెను. ఎక్కకముందే తీసినచో క్రిందివి క్రిందనే యుండిపోవును.

దండెమునుగూర్చి రెండుమాటలు. వనరాజా బరువైన జాతి. ఎదిగినవానికి ఎత్తు పనికిరాదు. నేలకు అడుగున్నర యెత్తు చాలును. రెండంగుళముల వెడల్పుగల కఱ్ఱ, అంచులు గుండ్రముగ చెక్కినది, కోడికి తొమ్మిదంగుళముల చొప్పున నమర్చవలెను. సన్నని యినుపకడ్డీ పనికిరాదు. గ్రుడ్లుపెట్టు తట్టలు దండెముకంటె క్రిందుగ నుండవలెను. లేనిచో కోళ్ళు ఎత్తైన తట్టలోనే పండుకొని దానిని పాడుచేయును. గాలికంతలు కప్పుక్రింద నుండి, వానికి గట్టివల బిగింపవలెను. అందు ముంగిస తల దూఱరాదు.

ఇంటిలో పాతకోళ్ళున్నవారు ఒక జాగ్రత్త తీసికొనవలెను. క్రొత్తవానిని మూడువారములు దూరముగ వేఱుచోట నుంచి, కొక్కెరతెగులు మొదలగునవి లేవని తెలిసికొని, టీకాలు వేయించిన పిదపనే కలుపవలెను. ముందుగనే ఒక పాతకోడిని తోడువేసినచో త్వరగా నేర్చుకొనునని కొందఱందురు. నేర్చుకొనుట నిజమే, తెగులును త్వరగనే అంటుకొనును. కలుపునపుడు రాత్రి చీకటిలో పాతవాని ప్రక్కన దండెముపై కూర్చుండబెట్టవలెను. మీద చెప్పిన ఏడుదినముల లెక్క అప్పటినుండియే. ఉదయమున కొంత పొడుచుకొనుట తప్పదు. కోళ్ళలో ఎవరు ఎవరిని పొడువవచ్చునో వరుస యొకటి యుండునని నార్వేదేశపు పండితుడు ష్యెల్డెరుప్ ఎబ్బె 1922లో వ్రాసెను. మన అవ్వలకది ముందే తెలియును. ఆ వరుస కుదురుటకు కొన్నిదినములు పట్టును. అంతవఱకు మేతగిన్నెలు రెండుచోట్ల నుంచిన చాలును. నెత్తురు వచ్చునట్లు పొడుచు గయ్యాళికోడిని రెండుమూడుదినములు వేఱుచేసిన దాని అహము తగ్గును.

చక్కగా అలవాటుపడిన కోళ్ళు హఠాత్తుగ గూటికి రామని మొండికేసినచో తప్పు కోళ్ళది కాదు, గూటిలో నేదో యున్నది. రాత్రి దీపముతో దండెపు అతుకులలో, పగుళ్ళలో చూడుడు. పగలు అచ్చట దాగి, రాత్రి బయటికి వచ్చి నెత్తురు పీల్చు ఎఱ్ఱని సన్నపురుగులు కనబడవచ్చును. వేలితో రుద్దిన నెత్తుటిమరక యగును. అప్పుడు గూడు ఖాళీచేసి, ఊక కాల్చివేసి, పగుళ్ళలోనికి పోవునట్లు సున్నము కొట్టి, దండెపు కొనలకు కిరసనాయిలు పూసి ఆఱనీయవలెను. వారముదినములకు మరల చేయవలెను. లేదా తడిసిన ఊకనుండి కన్నులు మండు వాసన వచ్చుచుండవచ్చును. లేదా జెఱ్ఱిపోతు గ్రుడ్లకొఱకు వచ్చిపోవుచుండవచ్చును. మీరు లోపల తలపెట్టి ఒక నిమిషము ఊపిరి పీల్చుకొనలేని గూటిలో కోడిని పండుకొమ్మనుట న్యాయము కాదు.

పై సభ్యురాలు మిగిలిన మూడింటితోపాటు మరల ఏడు పిల్లలను తెచ్చికొనిరి. అవి అన్నియు ఒకే గూటనుండి వచ్చినవే. నేటికి అయిదవదినము. నిన్న రాత్రి మేము పోయి చూడగా తొమ్మిది దండెముపై నుండెను; పదవది తట్టలో పండుకొనియుండగా ఆమెయే ఎత్తి పైని కూర్చుండబెట్టిరి. తలుపు ఇంకను తెఱవలేదు.