బరిలో దొంగదెబ్బ

మన ఊళ్లలో వీధి నాటకం ఆడేటప్పుడు దుర్యోధనుడి ఘట్టం వస్తే నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. గదాయుద్ధంలో నాభికి కింద కొట్టకూడదు. అది కట్టుబాటు. భీముడు తొడ మీద కొట్టాడు. అది చూసి బలరాముడికి ఒళ్లు మండింది. నాగలి ఎత్తి భీముడి మీదికి పోయాడు. కృష్ణుడు అడ్డుపడి ఆపాడు.

బాక్సింగ్ ఆటలో కూడా ఇదే కట్టుబాటు. నడుము పట్టీకి కింద గుద్దకూడదు.

మా రాత్రిబడికి వచ్చే ఒక అక్క టీవీలో ఈ ఆట చూసింది. "ఏం సారూ, ఒకర్నొకరు గుద్దుకునేదానికి మళ్లీ న్యాయం, అన్యాయం ఏంది?" అని అడిగింది. అక్క అడిగిన దాంట్లో తప్పు లేదు. చూసేవాళ్లకు అది కొట్లాటలాగే ఉంటుంది. కానీ కొట్లాటలో లేని మనిషి ఒకడు ఇక్కడ ఉంటాడు. అతనే రెఫరీ.

బరికి నాలుగు వైపులా తాళ్లు కట్టి ఉంటాయి. లోపల ఇద్దరు ఆటగాళ్లు, వాళ్లతోపాటు రెఫరీ. ఆటగాళ్ల చేతులకు మెత్తని గ్లౌజులు ఉంటాయి. పిడికిలితో ముఖం మీద, తల పక్కన, ఛాతీ మీద, పొట్ట మీద కొట్టొచ్చు. తల వెనక, మెడ వెనక కొట్టకూడదు. అక్కడ గట్టిగా తగిలితే ప్రాణానికే ముప్పు. మోచేతితో పొడవకూడదు. తలతో ఢీకొట్టకూడదు. కింద పడ్డవాడిని కొట్టకూడదు. పడినవాడు లేవడానికి రెఫరీ పది లెక్కపెడతాడు. లేవలేకపోతే ఆట అయిపోయినట్టే.

మరి దొంగదెబ్బ కొట్టేవాడు అందరికీ కనపడేట్టు కొడతాడా? ఎదుటివాడిని కౌగిలించుకున్నట్టు పట్టుకుంటాడు. రెఫరీకి తన వీపు అడ్డం పెడతాడు. ఆ చాటున మోచెయ్యి తగిలిస్తాడు. అందుకే రెఫరీ ఒకచోట నిలబడడు. వాళ్ల చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. తప్పు కనపడితే హెచ్చరిస్తాడు, పాయింట్లు కోస్తాడు. మరీ పెద్ద తప్పయితే బయటికి పంపేస్తాడు.

1997 జూన్ 28న అమెరికాలోని లాస్ వేగాస్‌లో మైక్ టైసన్, ఇవాండర్ హోలీఫీల్డ్ తలపడ్డారు. ఇది డబ్బు పందెంగా ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్. రెండో రౌండులో హోలీఫీల్డ్ తల తగిలి టైసన్ కంటి పైన చిట్లింది. రెఫరీ మిల్స్ లేన్, అది కావాలని చేసింది కాదన్నాడు. టైసన్ రగిలిపోయాడు. మూడో రౌండులో హోలీఫీల్డ్ చెవి కొరికేశాడు. ముక్క ఊడి కింద పడింది! రెఫరీ రెండు పాయింట్లు కోసి ఆట సాగనిచ్చాడు. టైసన్ రెండో చెవి కూడా కొరికాడు. అప్పుడు అతన్ని ఓడినట్టు ప్రకటించారు. 30 లక్షల డాలర్ల జరిమానా పడింది, లైసెన్సు పోయింది. నా మటుకు, మొదటి కాటుకే ఆట ఆపాల్సింది.

చెవి కొరికితే లోకమంతా చూస్తుంది. గ్లౌజు లోపల జరిగే మోసం ఎవరికి కనపడుతుంది? 1983 జూన్ 16న న్యూయార్కులో లూయిస్ రెస్టో, బిల్లీ కాలిన్స్ ఆడారు. రెస్టో గెలిచాడు. ఆట అయ్యాక కాలిన్స్ తండ్రి వచ్చి రెస్టోకు చెయ్యి కలిపాడు. గ్లౌజు పలచగా తగిలింది. వెంటనే గట్టిగా అరిచాడు. అధికారులు గ్లౌజులు పట్టుకుని చూస్తే లోపల మెత్త తీసేసి ఉంది. అంటే పది రౌండ్లూ ఆ కుర్రాడు దాదాపు ఉత్త పిడికిలి దెబ్బలే తిన్నాడు. అతని కంటిచూపు దెబ్బతింది. మళ్లీ బరిలోకి దిగలేదు. మరుసటి ఏడాది కారు ప్రమాదంలో చనిపోయాడు. రెస్టో, అతని శిక్షకుడు ఇద్దరూ జైలుకు పోయారు.

ఇంకో రకం అన్యాయం బరి బయట కూర్చున్నవాళ్లు చేసేది. ఎవరూ పడిపోకుండా ఆట ముగిస్తే పాయింట్లు వేసేది వాళ్లే. ప్రొఫెషనల్ ఆటలో ముగ్గురు, ఒలింపిక్స్‌లో ఐదుగురు ఉంటారు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలించాడు. కొరియా ఆటగాడు పార్క్ సి హున్ తగిలించినవి 32. ఐదుగురిలో ముగ్గురు కొరియా ఆటగాడే గెలిచాడన్నారు. ఆట కూడా కొరియాలోనే జరిగింది మరి. సంక్రాంతికి పొరుగూరి కబడ్డీలో మేమూ ఇలాగే ఓడాం. అంపైరు వాళ్ల కెప్టెన్‌కు మేనమామ. ఎదుటివాడి కూత ఆగినా ఆయనకు వినపడలేదు!

తర్వాత బాక్సింగులో మీటలు నొక్కే యంత్రం తెచ్చారు. ఐదుగురిలో ముగ్గురు ఒక్క సెకనులోపల నొక్కితేనే పాయింటు. అదీ నిలబడలేదు, 2013లో తీసేశారు. 2016 రియో ఒలింపిక్స్‌లో తీర్పులు తారుమారు చేశారని 2021లో విచారణలో తేలింది.

మన తెలుగమ్మాయి నిఖత్ జరీన్ సంగతి చూడండి. ఊరు నిజామాబాద్. 2019లో, ఒలింపిక్స్ అర్హత పోటీలకు ఎంపిక ఆట లేకుండానే మేరీ కోమ్‌ను పంపుతారనే మాట వచ్చింది. మేరీ కోమ్ అప్పటికే ఆరుసార్లు ప్రపంచ విజేత. నిఖత్ క్రీడల మంత్రికి ఉత్తరం రాసింది. నన్ను పంపండి అని అడగలేదు, పోటీ పెట్టండి అని అడిగింది. డిసెంబరులో ఢిల్లీలో పోటీ పెట్టారు. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది.

ఓడినా ఆట మానలేదు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది. ఫైనల్లో ఐదుగురూ ఆమే గెలిచిందన్నారు. 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడింది. అక్కడా లెక్క 5-0. ఈసారి ఐదుగురూ అవతలి అమ్మాయి వైపు.