వాకపల్లి ఫైలులో లేని కాగితం

విశాఖ మన్యంలోని జి. మాడుగుల మండలం వాకపల్లికి 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు కూంబింగ్‌కు వచ్చారు. వారు తమపై అత్యాచారం చేశారని కోందు తెగకు చెందిన 11 మంది మహిళలు ఫిర్యాదు చేశారు. 2017లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక గానీ విచారణ కదల్లేదు. 2018లో మొదలైన ఆ విచారణ 2023 ఏప్రిల్ 6న ముగిసింది. విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు నిందితులు 13 మందినీ నిర్దోషులుగా ప్రకటించింది.

అదే తీర్పు దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపింది, మహిళలకు పరిహారం ఇవ్వాలనీ ఆదేశించింది. నేరం రుజువు కాలేదు, బాధితులకు మాత్రం పరిహారం. పైకి పొంతన లేనట్టు కనిపించే ఈ రెండింటి నడుమే అసలు కథ ఉంది.

దర్యాప్తులో గుర్తింపు పరేడ్ జరగలేదు. అనుమానితులను అదే పోలికలున్న ఇతరులతో కలిపి నిలబెట్టి, మేజిస్ట్రేట్ సమక్షంలో బాధితుల చేత గుర్తింపజేయడమే ఈ పరేడ్. అదొక్కటే సాక్ష్యం కాదు, కోర్టులో గుర్తించడమే అసలు సాక్ష్యం. కానీ పేర్లు తెలియని, ఒకే రకం దుస్తుల్లో వచ్చిన మనుషులను పదకొండేళ్ల తర్వాత బోనులో చూపించి ‘వీరేనా’ అంటే, మొదటి వారాల్లోనే గుర్తించారన్న రికార్డు లేకుండా ఆ మాట ఎంతసేపు నిలుస్తుంది?

ప్రాసిక్యూటర్ వల్ల కూడా ఇక్కడ అయ్యేదేమీ లేదు. సాధారణంగా కేసు ఆయన చేతికి అందేది చార్జిషీటు తయారయ్యాకే. అప్పటికి పరేడ్ గడువు దాటిపోతుంది, బట్టలపై మరకలు చెరిగిపోతాయి. తొలి రోజుల్లోనే న్యాయ సలహా అందితే ఈ లోపాల్లో సగం పూడ్చవచ్చు. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం పోలీసు, వైద్య, న్యాయ సాయాలను ఒకే చోటికి తెచ్చింది. కాకపోతే మన్యం నుంచి అలాంటి చోటికి చేరడమే పెద్ద ప్రయాణం.

చట్టం మారలేదని అనలేం. అత్యాచార ఫిర్యాదు నమోదు చేయని పోలీసుకు 2013 నుంచి జైలు శిక్ష ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత ప్రకారం వైద్య నివేదిక ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి చేరాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితురాలికి చెప్పాలి.

గుర్తింపు పరేడ్ నిబంధన మాత్రం పాతదే. అరెస్టయిన వ్యక్తిని పరేడ్‌లో నిలబెట్టాలంటే స్టేషన్ అధికారి కోర్టును కోరాలి. నిందితులు పోలీసులైనప్పుడు, కోరాల్సిన వారూ పోలీసులే.