కావడి తూకం: తామరైపాక్కం నేల కింద మంచినీళ్ల హద్దు

ఆడికృత్తిక నాడు తిరుత్తణి కొండ మెట్ల మీద కావళ్లు బారులు తీరుతాయి. నగరి, పుత్తూరు, చిత్తూరు వైపు నుంచి వెళ్లే తెలుగు కుటుంబాలకు అది పరాయి ఊరి పండగ కాదు. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. కావడి మోసే భక్తుడి అడుగు ఒక్కోసారి తడబడుతుంది. బద్ద ఊగుతుంది, ఒక కొన పైకి లేస్తుంది, మళ్లీ తనంతట తానే సర్దుకుంటుంది.

ఆ సర్దుబాటు కిటుకు బద్ద వంపులో ఉంది. బరువుకు రెండు కొనలూ భుజం కంటే కిందికి వంగుతాయి. అలా వంగిన బద్ద ఒరిగినప్పుడు లేచిన కొన భుజానికి దూరంగా జరుగుతుంది, దిగిన కొన దగ్గరవుతుంది. దూరంగా జరిగిన వైపు ఎక్కువ తూగుతుంది కనుక లేచిన కొన తిరిగి కిందికి వస్తుంది. అయితే ఒక పక్క బరువు మరీ తగ్గిపోతే ఈ వంపు కాపాడలేదు. కావడి జారి కింద పడుతుంది.

శాస్త్రం చెప్పే స్థిరత్వం ఇదే. కదలకుండా ఉండడం స్థిరత్వం కాదు, కదిపినా తిరిగి తన చోటికి రావడం స్థిరత్వం. ఎంతవరకు కదిపితే తిరిగి వస్తుందో ఆ మేరను స్థిరత్వ పరిధి అంటారు. పరిధి లోపల పొరపాటుకు క్షమాపణ ఉంది. హద్దు దాటాక ఆ వస్తువు మరో స్థితిలో కుదురుకుంటుంది. అది కూడా స్థిరమైన స్థితే కావచ్చు, కానీ వెనక్కి వచ్చే దారి వెళ్లిన దారి కాదు.

రసాయన శాస్త్రంలో దీనికి ఉదాహరణ మన వంటింట్లోనే ఉంది. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్; తాజా పాలలో దాని విలువ 6.6 దగ్గర ఉంటుంది. తోడు వేశాక పులుపు పెరిగేకొద్దీ ఆ నెట్టుడు బలం తగ్గుతుంది. చాలాసేపు పైకి ఏ మార్పూ కనిపించదు. పీహెచ్ 4.6 దగ్గరికి దిగేసరికి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పాలు పెరుగవుతాయి. ఆ పెరుగులో సోడా కలిపి పులుపు విరిచినా మళ్లీ పాలు కావు.

ఇలాంటి హద్దే నేల కింది నీళ్లకూ ఉంది. దాన్ని చూడడానికి ఇప్పుడు తిరుత్తణి నుంచి తూర్పుకు, తామరైపాక్కానికి వెళ్దాం. తిరువళ్లూరు జిల్లాలోని ఈ ఊరు కొసస్తలై నది ఒడ్డున ఉంది. తెలుగువాళ్లు కుశస్థలి అని పిలిచే నది ఇదే. మన నగరి నది నీళ్లు కూడా పూండి జలాశయానికి ఎగువన ఇందులోనే కలుస్తాయి. తామరైపాక్కం ఆనకట్ట దగ్గర ఈ నీటిని చోళవరం చెరువుకు మళ్లిస్తారు. మిగిలిన వరద ఎన్నూరు దగ్గర సముద్రంలో పడుతుంది.

పైన నది ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి కనిపించినా, కింద నీళ్లున్నాయి. కొసస్తలై, అరణియార్ నదుల మధ్య వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక, గులక పొరలు మంచినీళ్ల భాండాగారం. 1960ల చివర ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఇక్కడ భూగర్భజల పరిశోధన జరిగింది. ఆ తర్వాత మీంజూరు, పంజెట్టి, తామరైపాక్కంలలో వరసగా బోర్లు వేసి మణలి పరిశ్రమలకూ చెన్నై నగరానికీ నీళ్లు తోడారు. కరవు ఏళ్లలో నగర నీటి సంస్థ రైతుల బోర్ల నుంచి కూడా నీళ్లు కొన్నది. ఇంతలో సముద్రానికి దగ్గరగా ఉన్న మీంజూరు వైపు బావులు ఉప్పుబారాయి. ఎందుకు?

సముద్ర తీరంలో నేల కింద కూడా ఒక కావడి ఉంది. మంచినీటి సాంద్రత 1 అయితే సముద్రపు నీటి సాంద్రత 1.025. సముద్ర మట్టానికి 40 మీటర్ల లోతున ఒక చోటు ఊహించుకోండి. సముద్రం వైపు 40 మీటర్ల ఉప్పునీటి బరువు 40ని 1.025తో గుణిస్తే 41. దాన్ని తూచడానికి నేల వైపు 41 మీటర్ల మంచినీళ్లు కావాలి. అంటే బావిలో నీటిమట్టం సముద్ర మట్టం కంటే 1 మీటరు పైన ఉంటే, కింద 40 మీటర్ల దాకా మంచినీళ్లు నిలుస్తాయి. నెదర్లాండ్స్‌కు చెందిన బాడోన్ గైబెన్ 19వ శతాబ్దం చివర్లో, జర్మనీకి చెందిన హెర్ట్‌జ్‌బెర్గ్ 1901లో విడివిడిగా చెప్పిన లెక్క ఇది. నేల కింద నీళ్లు పారుతూ ఉంటాయి కాబట్టి అసలు హద్దు కొంత అటూ ఇటూ ఉంటుంది. అయినా 1కి 40 అనే నిష్పత్తి తీరప్రాంతపు బతుకుసూత్రం.

ఈ లెక్కను తిరగేసి చూస్తే భయం వేస్తుంది. పైన మట్టం 1 మీటరు తగ్గి అలాగే ఉండిపోతే, కింద ఉప్పునీటి హద్దు 40 మీటర్లు పైకి వస్తుంది. మీంజూరు వైపు మట్టం సముద్ర మట్టం కంటే కూడా కిందికి దిగింది. కావడిలో మన వైపు కుండ ఖాళీ అయింది. సముద్రం వైపు పారాల్సిన నీళ్లు వెనక్కి తిరిగి, ఉప్పును వెంటబెట్టుకుని లోపలికి వచ్చాయి. తామరైపాక్కం సముద్రానికి సుమారు 30 కిలోమీటర్ల లోపల ఉంది, సముద్రపు ఉప్పు ఇక్కడిదాకా రాలేదు. కానీ మీంజూరు దగ్గర సముద్రాన్ని ఆపే ఒత్తిడి ఈ ఎగువ నీళ్ల నుంచే రావాలి. ఎగువన తోడిన ప్రతి బిందెడూ దిగువన తూకంలో తగ్గుతుంది.

పక్క నుంచి వచ్చే ప్రమాదం ఇలా ఉంటే, తీరానికి దగ్గరి బావుల్లో కింది నుంచి వచ్చేది ఇంకొకటి. మంచినీళ్ల పొర అడుగున ఉప్పునీళ్లున్న చోట మోటారు వేస్తే, బోరు కింద ఉప్పునీరు చీమల పుట్టలా పైకి లేస్తుంది. కొంత ఎత్తు దాకా పుట్ట నిలబడుతుంది. పైకి లాగే ఒత్తిడినీ, కిందికి లాగే ఉప్పునీటి బరువునూ తూచుకుని ఆగిపోతుంది. మోటారు ఆపితే మెల్లగా దిగుతుంది. ఇది స్థిరత్వ పరిధి. కానీ బోరుకు దగ్గరయ్యేకొద్దీ లాగుడు బలం బరువు కంటే వేగంగా పెరుగుతుంది. ఒక ఎత్తు దాటాక పుట్ట ఆగదు, ఒక్కసారిగా బోరులోకి ఎగబాకుతుంది. బోరు అడుగుకూ పాత హద్దుకూ మధ్య ఉన్న దూరంలో మూడో వంతుకు మించి పుట్టను లేవనివ్వకూడదన్నది ఇంజనీర్లు సాధారణంగా పెట్టుకునే కట్టుబాటు. ఆ దూరం 30 మీటర్లయితే 10 మీటర్లే భద్రం. 1కి 40 లెక్కన, పైన మట్టం పావు మీటరు, అంటే జానెడు, దిగి ఉండిపోతే చాలు, ఆ 10 మీటర్లూ అయిపోతాయి. నిన్నటిదాకా తియ్యగా ఉన్న బోరు హఠాత్తుగా చెడిందని అనిపించేది ఇందుకే. కింద పుట్ట మాత్రం ఎన్నాళ్లుగానో లేస్తూనే ఉంది.

సరే, తోడడం ఆపేస్తే నీళ్లు మళ్లీ తియ్యగా మారతాయా? ఇక్కడ భౌతిక శాస్త్రం పక్కకు తప్పుకుని రసాయన శాస్త్రం అడ్డుపడుతుంది. ఇసుక పొరల మధ్య బంకమట్టి ఉంటుంది. ఆ మట్టి రేకులు మామూలుగా కాల్షియంను పట్టుకుని ఉంటాయి. సముద్రపు నీరు వచ్చినప్పుడు అందులోని సోడియం కాల్షియంను తోసేసి ఆ చోటు ఆక్రమిస్తుంది. తర్వాత మంచినీళ్లు వచ్చినా, ప్రతి రేకూ తన సోడియంను విడిచిపెట్టేదాకా నీళ్లలో సోడియం దిగుతూనే ఉంటుంది. ఉప్పు చేరిన పొరను ఒక్కసారి మంచినీళ్లతో నింపితే సరిపోదు, ఎన్నోసార్లు కడగాలి.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. సోడియం పట్టిన బంకమట్టి ఉప్పునీళ్లలో ఉన్నంతసేపు గడ్డకట్టి నిలకడగానే ఉంటుంది. ఉప్పు పలచబడ్డాక రేకులు ఉబ్బి, విడిపోయి, ఇసుక రంధ్రాలను పూడ్చేస్తాయి. నీరు పారే దారే మూసుకుపోతుంది. నీటిలో ఉప్పు ఎంత, మట్టిలో సోడియం ఎంత అనే రెండింటి మీదా ఆధారపడే ఈ హద్దును 1955లో క్వెర్క్, స్కోఫీల్డ్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. చౌడు నేలకు జిప్సం చల్లే రైతుకు ఈ సంగతి చేతల్లో తెలుసు. జిప్సంలోని కాల్షియం సోడియంను దించి మట్టిని మళ్లీ పరిధిలోకి తెస్తుంది. పొలంలో జిప్సం చల్లవచ్చు, నేల కింద అంత లోతున ఎవరు చల్లగలరు?

అందుకే హద్దు దాటకముందే ఆగాలి. దానికి మన బాపట్ల, చీరాల తీరపు రైతుల దొరువు మంచి పాఠం. అక్కడ ఇసుక నేలలో వాన నీళ్లు ఉప్పునీళ్ల మీద పలచటి పొరగా తేలుతుంటాయి. లోతుగా బోరు వేస్తే ఉప్పే వస్తుంది. దొరువు లోతు తక్కువ. పైపొరను మాత్రమే, మీగడ తీసినట్టు తీసుకుంటుంది. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు దీన్ని మెరుగుపరిచి, తక్కువ లోతులో రంధ్రాల గొట్టాలను అడ్డంగా పరిచి, నీరు మెల్లగా ఒక తొట్టిలోకి చేరేలా చేశారు. ఒకే చోట గట్టిగా లాగకుండా చాలా చోట్ల కొద్దికొద్దిగా తీసుకుంటే పుట్ట లేవదు.

చెన్నై చుట్టుపక్కల కూడా ప్రయత్నాలు లేకపోలేదు. బోర్ల తవ్వకాన్నీ నీళ్లు తోడడాన్నీ అదుపు చేయడానికి 1987లో చెన్నై మహానగర ప్రాంత భూగర్భజల చట్టం తెచ్చారు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య 1983లో కుదిరిన ఒప్పందం ప్రకారం తెలుగు గంగ నీళ్లు 1996లో కండలేరు నుంచి పూండికి చేరాయి. 2010లో మీంజూరు దగ్గర కాట్టుపళ్లిలో సముద్రపు నీటి నుంచి రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీరు తీసే ప్లాంటు మొదలైంది. కొసస్తలై, అరణియార్ నదుల మీద చెక్‌డ్యాములు కట్టి వరదను ఇంకిస్తున్నారు. నగరానికి బయటి నుంచి అందే ప్రతి లీటరూ తామరైపాక్కం బోర్ల మీద ఒత్తిడిని అంత మేర తగ్గించగలదు.

తీరంలో బోరున్న ప్రతి ఊరికీ ఒక మాట. బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయని మాత్రమే చూడకండి. ఆ మట్టం సముద్ర మట్టానికి ఎంత పైన ఉందో వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి కొలిపించి పంచాయతీ గోడ మీద రాయండి. ఆ అంకెను 40తో గుణిస్తే, మీ ఊరి కింద సముద్రానికి ఎదురు నిలిచి ఉన్న మంచినీళ్ల లోతు తెలుస్తుంది. అది సున్నాకు దగ్గరయ్యేదాకా ఆగకండి. ముందే మోటార్లు తగ్గించండి, వాన నీళ్లు ఇంకించండి. ఉప్పుబారిన బావి బాగుపడడానికి పట్టే కాలం, అది చెడడానికి పట్టిన కాలం కంటే చాలా ఎక్కువ.